పాత సొరారిటీ బ్యాడ్జి దొరికితే: కరిగించాలా, అమ్మాలా, సొంతింటికి చేర్చాలా?

ఒహాయోలో మా వీధి చివరి ఇంట్లో ఎస్టేట్ సేల్ (ఇంటి సామానంతా అమ్మేసే అమ్మకం) జరిగినప్పుడు చుట్టల పెట్టె ఒకటి 40 డాలర్లకు కొన్నాను. పైన గుండీలు, తెగిన గొలుసులు, ఒంటి చెవిపోగులు. అడుగున దూదిలో చుట్టిన ఐదు చిన్న వస్తువులు: ముత్యాలు పొదిగిన తాళంచెవి, ఎనామిల్ ఊడిపోయిన గాలిపటం ఆకారపు పిన్ను, ఒక సంఘం చిహ్నం అతికించిన బ్రేస్‌లెట్, చిటికెన వేలి గోరంత తెలుపు-నీలం శిలువ, గ్రీకు అక్షరాలున్న మరో పిన్ను. ఐదూ ఐదు దారుల్లో వెళ్లాల్సిన వస్తువులని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మొదటి వారంలోనే ఐదింటినీ తూకానికి అమ్మేయబోయాను కూడా.

అది మన అలవాటు. బంగారం చేతికి రాగానే ‘ఎన్ని గ్రాములు?’ అంటాం. మజూరీ పోతుంది, తరుగు పోతుంది, మిగిలేది తూకమేనని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఈ బ్యాడ్జీల విషయంలో ఆ లెక్క కొన్నిసార్లు సరిగ్గా సరిపోతుంది, కొన్నిసార్లు పూర్తిగా దెబ్బ తీస్తుంది. ఎప్పుడు ఏది అన్నదే అసలు చిక్కు.

సొరారిటీలంటే అమెరికా కాలేజీల్లో గ్రీకు అక్షరాల పేర్లతో నడిచే విద్యార్థినుల సంఘాలు. లాటిన్‌లో ‘సొరార్’ అంటే అక్కాచెల్లెళ్లలో ఎవరైనా. పై బీటా ఫై 1867లో, కప్పా ఆల్ఫా థీటా, కప్పా కప్పా గామా 1870లో పుట్టాయి. నల్లజాతి విద్యార్థినుల తొలి సొరారిటీ ఆల్ఫా కప్పా ఆల్ఫా 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. సంఘంలో దీక్ష తీసుకున్న రోజున ఇచ్చే చిన్న పిన్నే బ్యాడ్జి. మన పిల్లలకూ ఈ లోకం కొత్తేమీ కాదు. దక్షిణాసియా విద్యార్థినుల కోసం 1998లో హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, ఆస్టిన్‌లో కప్పా ఫై గామా ఏర్పడ్డాయి. వాటి బ్యాడ్జీలు పాతబడటానికి ఇంకా చాలా కాలం ఉంది.

ముందు తేల్చుకోవాల్సినవి

ఎక్కడ అమ్మాలన్న ప్రశ్నకు ముందు నాలుగు సంగతులు తేలాలి. లోహం ఏమిటి? అది నిజంగా దీక్ష బ్యాడ్జియేనా, లేక ఆ సంఘం పేరుతో చేసిన అలంకారమా? వెనకాల ఎవరి పేరైనా ఉందా? నాలుగోది మీ గురించి: డబ్బు ఎంత తొందరగా కావాలి, ఎంత శ్రమ పడగలరు?

లోహంతో మొదలుపెడదాం. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు చూపించే చిన్న తూకం యంత్రం ఉంటే చాలు. వెనక 10కె అని ఉంటే నూటికి 41.7 వంతులు బంగారం, 14కె అయితే 58.3. మన 22 క్యారెట్ల కళ్లకు 10కె పాలిపోయినట్టు కనిపిస్తుంది, ‘ఇది బంగారమేనా’ అనిపిస్తుంది. బంగారమే. అయితే ఇండియాకు తీసుకెళ్లి అమ్మే ఆలోచన ఉంటే మానుకోండి. మన హాల్‌మార్కు శ్రేణుల్లో 14, 18, 22 ఉన్నాయి, 10 లేదు. అక్కడి దుకాణంలో దానికి తగిన గౌరవం దొరకదు.

జీఎఫ్ అన్న అక్షరాలు కనిపిస్తే అది బంగారు రేకు తొడిగిన ఇత్తడి. 1/20 12కె జీఎఫ్ అని ఉంటే మొత్తం బరువులో ఇరవయ్యో వంతు 12 క్యారెట్ల బంగారమని అర్థం. అంటే మేలిమి నూటికి రెండున్నర వంతులే. నా బ్రేస్‌లెట్ సరిగ్గా ఈ బాపతే. 20 గ్రాముల బరువు చూసి పొంగిపోయాను. లెక్క వేస్తే మేలిమి అర గ్రాము.

ముద్ర లేకపోతే బంగారం కాదని అనుకోకండి. అమెరికాలో 1906 నాటి చట్టం, ముద్ర వేస్తే అది నిజమై ఉండాలని అంటుందే తప్ప వేసి తీరాలని అనదు. ఆ చట్టానికి ముందు నాటి 19వ శతాబ్దపు మంచి బ్యాడ్జీలు కూడా కొన్ని ఏ గుర్తూ లేకుండా ఉంటాయి. 1961లో చేసిన సవరణతో క్యారెట్ ముద్ర పక్కన తయారీదారు గుర్తు కూడా తప్పనిసరైంది. ఎల్‌జీబీ అని ఉంటే మసాచుసెట్స్‌లోని ఆటిల్‌బరోలో 1913లో మొదలైన బాల్ఫర్ కంపెనీ. దానికన్నా పాత కాలానికి తీసుకెళ్లే పేర్లలో డెట్రాయిట్‌కు చెందిన రైట్ కే, న్యూయార్క్‌కు చెందిన జె.ఎఫ్. న్యూమన్ ముఖ్యమైనవి. ఈ రెండు పేర్లలో ఏది కనిపించినా తొందరపడకండి.

వెనక పిన్ను కూడా వయసు చెబుతుంది. సూది అంచు దాటి బయటికి వచ్చి, తాళం లేని వట్టి కొక్కెంలో కూర్చుంటే పాతకాలపుది కావచ్చు. తిప్పితే బిగుసుకునే రక్షణ తాళం ఉంటే 20వ శతాబ్దపుది. మరమ్మతుల్లో పిన్ను మార్చడం మామూలే కాబట్టి దీన్ని ఒంటరి సాక్షిగా నమ్మకండి.

అసలు బ్యాడ్జి, దాని చుట్టాలు

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే, డబ్బు పోగొట్టుకునేది కూడా ఇక్కడే. కాస్త నిదానంగా చూద్దాం.

ఆకారమే చాలావరకు సంఘాన్ని చెప్పేస్తుంది. తాళంచెవి కప్పా కప్పా గామాది, బాణం పై బీటా ఫైది, నల్ల ఎనామిల్ గాలిపటం కప్పా ఆల్ఫా థీటాది, లంగరు డెల్టా గామాది, లైర్ వాద్యం ఆల్ఫా కై ఒమేగాది, నెలవంకలో మూడు నక్షత్రాలు డెల్టా డెల్టా డెల్టాది. 1873లో మొదలైన డెల్టా గామా తొలి బ్యాడ్జి లంగరు కాదు, ‘హోప్’ అన్న మాటకు గుర్తుగా ఇంగ్లిష్ ‘హెచ్’ అక్షరం. 1877లో లంగరుకు మారారు. అలాంటి ‘హెచ్’ పిన్ను ఎవరి సొరుగులోనైనా ఉంటే అది వేలంశాలకు వెళ్లాల్సిన వస్తువు.

నా తాళంచెవి దగ్గరికి వస్తాను. కాడ మీద కప్పా, కప్పా, గామా. చెవి పళ్ల దగ్గర మరో మూడు చిన్న అక్షరాలు: ఆల్ఫా, ఒమేగా, ఒమిక్రాన్. అవి ఇంకో సంఘం పేరేమోనని రెండు రోజులు వెతికాను. గ్రీకులు అక్షరాలనే అంకెలుగా వాడేవారు, మన కటపయాది లాగా. ఆల్ఫా వెయ్యి, ఒమేగా ఎనిమిది వందలు, ఒమిక్రాన్ డెబ్బై. కూడితే 1870, సంఘం పుట్టిన సంవత్సరం. తిప్పి చూస్తే సన్నని చేతిరాత లాంటి చెక్కడంలో ఒక స్త్రీ పేరు, 1920ల నాటి తేదీ. పక్కనే సన్నని గొలుసుతో వేలాడుతున్న చిన్న గ్రీకు అక్షరాన్ని గార్డు పిన్ను అంటారు. ఆమె ఏ శాఖకు చెందిందో అది చెబుతుంది. ఈ గొలుసును విడదీసి విడిగా అమ్మేవాళ్లున్నారు. మంగళసూత్రంలో ఒక బిళ్ల తీసి అమ్మినట్టుంటుంది. విడదీయకండి.

ఇక చుట్టాలు. నా పెట్టెలోని తెలుపు-నీలం శిలువ సొరారిటీదే కాదు. అది సిగ్మా కై అనే మగపిల్లల సంఘానిది. 1855లో మా ఒహాయోలోనే, మయామీ విశ్వవిద్యాలయంలో పుట్టిన సంఘం. కుర్రాళ్లు తమ ప్రేయసికో తల్లికో ఇచ్చే చిన్న సైజు పిన్ను అది. ఆడవాళ్ల నగల పెట్టెల్లో దొరుకుతుంది కాబట్టి సొరారిటీ బ్యాడ్జి అనుకుంటారు.

గ్రీకు అక్షరాలున్న ఐదో పిన్ను బీటా సిగ్మా ఫైది. 1931లో మొదలైన ఈ సంఘానికి కాలేజీతో సంబంధం లేదు, ఊళ్లలోని మహిళల క్లబ్బు లాంటిది. సభ్యులు ఎందరో, పిన్నులు అన్ని. ఎస్టేట్ సేళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే, ఎగబడి కొనేవారు తక్కువ. మరో పొరపాటు తాళంచెవులతో వస్తుంది. 1929లో టెక్సస్ టీచర్లు మొదలుపెట్టిన డెల్టా కప్పా గామా పిన్ను కూడా తాళంచెవే. మొదటి అక్షరం చూసుకోకుండా కప్పా కప్పా గామా అని రాసి అమ్మితే సరుకు తిరిగొస్తుంది, చెడ్డపేరు అదనం.

దీక్షకు ముందు ఇచ్చే కొత్త సభ్యుల పిన్నులు చాలావరకు మామూలు లోహానివే. సంఘం చిహ్నం అతికించిన పౌడరు డబ్బాలు, బ్రేస్‌లెట్లు డాన్సు పార్టీల్లో పంచినవి. వీటికి బంగారం ధర రాదు, అందానికి తగ్గ ధర వస్తుంది.

ఒక హెచ్చరిక: దేన్నీ తోమకండి. చిన్న ముత్యాలు, ఓపల్ రాళ్లు ఉన్న బ్యాడ్జిని వేడి నీళ్లలోనో, వెనిగర్‌లోనో, కంసాలి దగ్గర ఉండే అల్ట్రాసోనిక్ యంత్రంలోనో వేస్తే రాళ్లు పాడవుతాయి. మెత్తని పొడిగుడ్డ చాలు. వెనక పేరును అరగదీయించడం మరీ ఘోరం. కొనేవాళ్లు మొదట చూసేది ఆ పేరునే.

దారులు

*బంగారం కొనేవారు.* గంటలో డబ్బు. వాళ్లకు సంఘం, పేరు, ముత్యాలు ఏవీ పట్టవు. లెక్క మీరే ముందు వేసుకుని వెళ్లండి. గ్రాము మేలిమి 100 డాలర్లు అనుకుందాం. 3 గ్రాముల 10కె బ్యాడ్జిలో సుమారు 1.25 గ్రాముల మేలిమి, అంటే 125 డాలర్లు. అందులోంచి రాళ్ల బరువు తీసేస్తారు, శుద్ధి ఖర్చు తీసేస్తారు, వాళ్ల లాభం తీసేస్తారు. ఎనామిల్ సగం పోయి, రాళ్లు రాలి, సూది విరిగి, పేరు కూడా లేని బ్యాడ్జికి ఇదే సరైన దారి. నా గాలిపటం ఇలాగే వెళ్లింది, నాకు బాధ లేదు. ఇంకో మాట ఒప్పుకోవాలి: బంగారం ధర పెరిగే కొద్దీ రాళ్లు లేని సాదా 14కె బ్యాడ్జీల విషయంలో మూసలో కరిగించే ధరకూ సేకరణకర్త ఇచ్చే ధరకూ మధ్య తేడా తగ్గిపోతోంది. ముత్యాల అంచు, నీలాలు, వజ్రాలు ఉన్నవాటికి ఆ తేడా ఇంకా బాగానే ఉంది.

*ఊళ్లోని పాత నగల దుకాణం.* వాళ్లు కొని మళ్లీ అమ్మాలి కాబట్టి సేకరణకర్త ఇచ్చే ధర రాదు, కానీ కరిగించే ధర కంటే మెరుగు. ఒకాయన నా తాళంచెవిని చేతిలోకి తీసుకోకుండానే ‘ఇలాంటివి చాలా వస్తాయి’ అన్నాడు. మూడు నిమిషాల తర్వాత మూడు రెట్లు చెప్పాడు. రెండు దుకాణాలు తిరగనిదే ఒప్పుకోవద్దు.

*ఈబే.* సేకరణకర్తలు, పూర్వవిద్యార్థినులు, నాటకాల వాళ్లు అందరూ వెతికేది ఇక్కడే. అమ్మకందారులు అడుగుతున్న ధరలను చూసి మోసపోకండి. అడగడానికి కాసు ఖర్చు లేదు. అమ్ముడైనవాటిని మాత్రమే చూపించే వడపోత ఒకటి ఉంటుంది, దాన్ని వాడండి. అదే సంఘం, అదే రాళ్ల అమరిక, అదే క్యారెట్‌లో కనీసం నాలుగైదు అమ్మకాలు చూస్తే ధర మీకే తెలుస్తుంది. నగల విభాగంలో రుసుము సుమారు 15 శాతం. ముందు, వెనక, పక్క, ముద్ర, తూకం మీద పెట్టినప్పుడు కనిపించే అంకె: ఈ ఐదు ఫొటోలు ఉంటే ప్రశ్నలు సగం తగ్గుతాయి. పేరు ఫొటోలో కనిపించాలి. కానీ తేదీ చూస్తే ఆమె ఇంకా బతికి ఉండే అవకాశం ఉందనిపిస్తే ఇంటిపేరు కప్పేయండి, అడిగినవారికి చెప్పవచ్చు.

*ఎట్సీ.* చేతిపనులు, పాత వస్తువులు అమ్మే వెబ్‌సైటు. ఇక్కడ పాతకాలపు వస్తువని చెప్పాలంటే కనీసం 20 ఏళ్ల వయసుండాలి. ఒక్కో ప్రకటనకు 20 సెంట్లు, అది నాలుగు నెలలు ఉంటుంది. అమ్ముడైతే 6.5 శాతం రుసుము, చెల్లింపు ఖర్చు అదనం. కొనేవాళ్లు సేకరణకర్తలు కాదు, అందం కోసం కొనేవాళ్లు. బ్రేస్‌లెట్లు, పౌడరు డబ్బాలు, ప్రేయసి పిన్నులు ఇక్కడ బాగుంటాయి. ఓపిక కావాలి.

*వేలంశాల.* 19వ శతాబ్దపు బ్యాడ్జి, అరుదైన సంఘం, వజ్రాలున్నది, లేదా చరిత్రలో పేరున్న స్త్రీది అయితేనే. కమిషన్, ఫొటో ఖర్చు, అమ్ముడవకపోతే కట్టాల్సింది, అన్నీ కాగితం మీద చూసుకోండి. మామూలు బ్యాడ్జిని వాళ్లు ఇరవై పిన్నుల కట్టలో కలిపి అమ్మేస్తారు.

*సొంతింటికి చేర్చడం.* ఇది ఎంచుకునేవాళ్లు తక్కువ, నాకు మాత్రం బాగా నచ్చింది. చాలా సంఘాల నియమాల ప్రకారం బ్యాడ్జి సభ్యురాలి ఆస్తి కాదు, బతికినంత కాలం ధరించే హక్కు మాత్రమే ఆమెది. తర్వాత దానితోనే ఖననం చేయాలి, లేదా సంఘంలో సభ్యురాలైన కూతురికో మనవరాలికో ఇవ్వాలి, లేదా ప్రధాన కార్యాలయానికి పంపాలి. ఆ కట్టుబాటు సభ్యురాలిది. ఎస్టేట్ సేల్‌లో డబ్బిచ్చి కొన్న మీలాంటివారు, నాలాంటివారు అమ్ముకుంటూనే ఉన్నారు, ఈబేలో రోజూ కనిపిస్తుంది. కొన్ని సంఘాల పూర్వవిద్యార్థినులు ఆ ప్రకటనలను కాపు కాసి, చందాలు వేసుకుని మరీ తమ బ్యాడ్జీలను కొని వెనక్కి తీసుకెళ్తుంటారు. మీరు నేరుగా రాస్తే రుసుము లేకుండానే అమ్ముడుపోవచ్చు. అయితే ‘ఇంత ఇస్తేనే ఇస్తాను, లేదంటే కరిగిస్తాను’ అని బెదిరించేవాళ్లూ ఉన్నారు. దాన్ని బేరమనరు.

| దారి | డబ్బు చేతికి | ధర | శ్రమ | దేనికి సరిపోతుంది |
|---|---|---|---|---|
| బంగారం కొనేవారు | అదే రోజు | అడుగు ధర | లేదు | విరిగినవి, పేరులేనివి |
| పాత నగల దుకాణం | అదే రోజు | మధ్యస్థం | కొంచెం | రాళ్లున్నవి, తొందర ఉన్నప్పుడు |
| ఈబే | వారాలు | మంచిదే, రుసుము పోను | ఎక్కువ | దీక్ష బ్యాడ్జీలు |
| ఎట్సీ | నెలలు | అదృష్టం | ఎక్కువ | చిహ్నాల నగలు, ప్రేయసి పిన్నులు |
| వేలంశాల | చాలా నెలలు | అరుదైనవాటికి అన్నింటికన్నా ఎక్కువ | తక్కువ | 19వ శతాబ్దపువి |
| సంఘం, కుటుంబం | చెప్పలేం | బేరాన్ని బట్టి, ఒక్కోసారి సున్నా | ఉత్తరాలు | పేరు చెక్కినవి |

మీరెవరు?

చనిపోయిన అత్తగారివో అమ్మవో వస్తువులు సర్దుతున్నవారైతే మొదటి ఫోను సంఘానికే చేయండి. సంఘంలో చేరినప్పుడు ఆమె బ్యాడ్జి గురించి ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టి ఉండవచ్చు. అమెరికాలో పుట్టిపెరిగిన కోడళ్లున్న తెలుగు ఇళ్లలోకి ఈ సమస్య ఇప్పుడిప్పుడే వస్తోంది. కోడలి తరఫు అమ్మమ్మ బ్యాడ్జి అయితే కోడలిని అడగకుండా ఎవరూ దాని జోలికి పోవద్దు. అది వాళ్లింటి పుస్తెల లాంటిదని అనుకుంటే సరి.

సేళ్లలో కొని అమ్మడమే వ్యాపకమైతే మీకు పరిజ్ఞానమే పెట్టుబడి. ఒకటి రెండు సంఘాలనే పట్టుకుని వాటి రాళ్ల అమరికలు, తయారీదారుల గుర్తులు నేర్చుకోండి. అన్నింటిలో వేలు పెడితే టీచర్ల తాళంచెవిని కప్పా ధరకు కొంటారు. నేను కొన్నాను.

ఈ నెల అద్దె కోసం అమ్ముతున్నవారైతే నీతులు చెప్పే హక్కు నాకు లేదు. రెండు నగల దుకాణాల్లో అడగండి, ఎక్కువ చెప్పినవాడికి ఇచ్చేయండి. తొందరలో ఈబే పెట్టుకుంటే ధరా రాదు, నిద్రా ఉండదు.

ఏ దారిలో అమ్మినా పోస్టులో పంపేటప్పుడు గార్డు గొలుసు చిక్కుపడకుండా బ్యాడ్జిని ఒక అట్టకు గుచ్చండి, దాని మీద మెత్తని కాగితం, ఆ పైన గట్టి పెట్టె. బీమా చేయించండి, సంతకం తీసుకుని ఇచ్చే పద్ధతిలో పంపండి. ఒకసారి వట్టి కవరులో పంపాను. సూది కవరును చీల్చుకుని బయటికి వచ్చింది, ముత్యం ఒకటి దారిలో ఎక్కడో ఉండిపోయింది. కొన్నావిడకు సగం డబ్బు వెనక్కి ఇచ్చాను.

నా ఐదింటి సంగతి. గాలిపటం మూసలోకి. బ్రేస్‌లెట్ ఈబేలో, ఆ కాలేజీలోనే చదివిన ఒకామె కొంది. బీటా సిగ్మా ఫై పిన్ను చూసి మా పక్కింటావిడ ‘మా అమ్మకు ఇలాంటిది ఉండేది’ అని ముచ్చటపడితే ఆవిడకే ఇచ్చేశాను. తాళంచెవి మీది పేరును సంఘానికి రాస్తే ఐదు వారాలకు జవాబు వచ్చింది: ఆమె మనవరాలు కూడా సభ్యురాలేనట. కరిగించే ధర, పోస్టు ఖర్చు తీసుకుని పంపాను. పార్సెల్ అందాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న గార్డు గొలుసు అసలుదేనా అని. సిగ్మా కై శిలువ ఎట్సీలో ఎనిమిది నెలలుగా ఉంది. నాలుగు నెలలకోసారి 20 సెంట్లు కడుతున్నాను. ధర రెండుసార్లు తగ్గించాను, మూడోసారి తగ్గించే ఉద్దేశం లేదు.